అణు విద్యుత్తు: లాభం ఎవరి ఖాతాలో, భారం ఎవరి నెత్తిన?

మన దేశంలో వాడుకునే ప్రతి వంద యూనిట్ల కరెంటులో అణు రియాక్టర్ల నుంచి వచ్చేది దాదాపు మూడు యూనిట్లు. 1969లో మహారాష్ట్ర తీరాన తారాపూర్‌లో తొలి కేంద్రం మొదలైంది. ఐదున్నర దశాబ్దాలు గడిచాక మనం చేరుకున్నది సుమారు 8,800 మెగావాట్ల సామర్థ్యానికి. 2047 నాటికి దీన్ని లక్ష మెగావాట్లు చేస్తామని 2025 బడ్జెట్‌లో కేంద్రం ప్రకటించింది. అదే ఏడాది డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన శాంతి చట్టం, అరవై ఏళ్లుగా ప్రభుత్వ సంస్థలకే పరిమితమైన ఈ రంగంలోకి ప్రైవేటు కంపెనీలకు తలుపు తెరిచింది. ఇరవై రెండేళ్లలో పదకొండు రెట్లు పెరగాలన్న లక్ష్యం ముందున్నప్పుడు లాభనష్టాల పద్దు మళ్లీ మొదటి నుంచి వేసుకోవాల్సిందే.

ఈ పద్దుతో తెలుగు నేలకు ఉన్న సంబంధం చాలామంది అనుకునే దానికన్నా గట్టిది. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం తవ్వుతున్నారు. దేశంలోని భారజల రియాక్టర్లకు ఇంధన కట్టలు తయారయ్యేది 1971లో హైదరాబాదులో ఏర్పడ్డ అణు ఇంధన సముదాయంలో. ఈసీఐఎల్ ఈ కేంద్రాలకు నియంత్రణ పరికరాలు అందిస్తుంది. మణుగూరులో భారజల కర్మాగారం ఉంది. యురేనియం ఎక్కడుందో వెతికే ఖనిజాన్వేషణ సంస్థ ప్రధాన కార్యాలయమూ హైదరాబాదులోనే. విద్యుత్ కేంద్రం మాత్రం రెండు రాష్ట్రాల్లో ఎక్కడా లేదు. శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం కొవ్వాడలో ఒక్కోటి 1,208 మెగావాట్ల చొప్పున ఆరు అమెరికన్ రియాక్టర్లు పెట్టాలన్న ప్రతిపాదన ఏళ్ల తరబడి నలుగుతోంది. కాబట్టి ఇది ఫుకుషిమా గురించో ఫ్రాన్స్ గురించో దూరం నుంచి చేసే చర్చ కాదు.

అణు విద్యుత్తు మీద మనకున్న అభిప్రాయాలు ఎక్కువగా రెండు మూసల్లో ఉంటాయి. ఒకటి దేశగౌరవం, రెండోది ప్రళయభయం. రెండింటినీ కాసేపు పక్కన పెట్టి ఒక్కొక్క అంకె చూసుకుంటూ పోతే ఒక విచిత్రం బయటపడుతుంది. జనం ఎక్కువగా భయపడేవి అసలు ముప్పుల్లో చిన్నవి. ఎవరూ గట్టిగా మాట్లాడనివి పెద్దవి.

పిడికెడు ఇంధనం, కొండంత కరెంటు

ముందు లాభాల వైపు. అణు విద్యుత్తుకు ఉన్న మొదటి బలం ఇంధన సాంద్రత. యురేనియం పరమాణు కేంద్రకం చీలినప్పుడు వెలువడే వేడి, బొగ్గు మండినప్పుడు వచ్చే వేడికి లక్షల రెట్లు ఉంటుంది. గుజరాత్‌లోని కాక్రపార్‌లో 2023లో వాణిజ్య ఉత్పత్తి మొదలుపెట్టిన 700 మెగావాట్ల స్వదేశీ రియాక్టర్‌నే తీసుకుందాం. అది ఏడాదంతా బాగా నడిస్తే సుమారు 520 కోట్ల యూనిట్లు ఇస్తుంది. ఇందుకు కావలసిన సహజ యురేనియం నూరు టన్నులకు కాస్త అటూ ఇటూ. అన్ని యూనిట్లే బొగ్గుతో తీయాలంటే మన బొగ్గు నాణ్యతను బట్టి 35 లక్షల టన్నులు కావాలి. అంటే రోజుకు రెండు గూడ్సు రైళ్లకు పైగా బొగ్గు. అందులో మూడో వంతు బూడిదగా మిగులుతుంది. ఏడాదికి పది లక్షల టన్నుల పైచిలుకు బూడిద ఎక్కడ పోయాలో రామగుండం, ఇబ్రహీంపట్నం పరిసరాల వాళ్లను అడిగితే చెబుతారు.

రెండోది కర్బనం. వాతావరణ మార్పులపై అంతర్ ప్రభుత్వ సంఘం 2014లో ఇచ్చిన అంచనాలో గని తవ్వకం నుంచి కేంద్రం కూల్చివేత దాకా అన్నీ కలిపి లెక్కేశారు. యూనిట్‌కు వెలువడే కర్బన ఉద్గారాలు బొగ్గుకు సుమారు 820 గ్రాములు, సహజవాయువుకు 490, పెద్ద సౌర కేంద్రాలకు 48, అణు విద్యుత్తుకు 12. పవన విద్యుత్తు కూడా ఇంచుమించు అంతే. అంకెలు దేశాన్ని బట్టి మారవచ్చు గానీ వరుస మారదు.

మూడోది నిలకడ. సూర్యుడు అస్తమించినా గాలి ఆగినా రియాక్టర్ నడుస్తూనే ఉంటుంది. కర్ణాటకలోని కైగా మొదటి యూనిట్ 962 రోజులు ఆగకుండా నడిచి 2018 డిసెంబరులో ప్రపంచ రికార్డు సృష్టించింది. మన డిస్కంలకు కైగా నుంచి, కల్పాక్కం నుంచి వచ్చే వాటా కరెంటు ఈ కోవదే.

నాలుగోది నేల. కొవ్వాడకు సేకరించాలనుకున్నది రెండు వేల ఎకరాలకు కాస్త ఎక్కువ. అక్కడ అనుకున్న ఆరు రియాక్టర్లు 80 శాతం సామర్థ్యంతో నడిస్తే ఏడాదికి ఐదు వేల కోట్ల యూనిట్లు వస్తాయి. కర్నూలు దగ్గరి ఓర్వకల్లు సోలార్ పార్కులో 1,000 మెగావాట్లకు దాదాపు ఆరు వేల ఎకరాలు పట్టింది. ఆ లెక్కన అంత కరెంటు సౌరఫలకాలతో తీయాలంటే లక్షన్నర ఎకరాలు కావాలి. అయితే ఈ పోలికకు ఒక షరతుంది. ఓర్వకల్లులో పోయింది ఎక్కువగా మెట్ట నేల, బీడు నేల. కొవ్వాడలో పోయేది మత్స్యకారుల తీరం. ఎకరాల లెక్కలో ఈ తేడా కనిపించదు.

ప్రమాదాల సంగతి

అణు విద్యుత్తు అనగానే గుర్తొచ్చే పేర్లు మూడు. 1979లో అమెరికాలోని త్రీమైల్ ఐలాండ్, 1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్, 2011 మార్చి 11న ఫుకుషిమా. ఇవి జరగలేదనలేం, తేలిగ్గా తీసుకోనూలేం. కానీ ఏ ప్రమాదం ఎందుకు జరిగిందో, ఏం నష్టం చేసిందో విడివిడిగా చూడాలి.

చెర్నోబిల్ రియాక్టర్ నిర్మాణంలోనే లోపముంది. శీతలీకరణ నీరు ఆవిరైపోతే చర్య తగ్గాల్సింది పోయి ఇంకా పెరిగేది. పైన బలమైన రక్షణ కవచం లేదు. భద్రతా వ్యవస్థల్ని కట్టేసి చేసిన ఒక పరీక్ష కొంప ముంచింది. పేలుడులోనూ తర్వాతి కొద్ది నెలల్లో తీవ్ర రేడియేషన్‌తోనూ చనిపోయింది సుమారు 30 మంది. ఎక్కువ రేడియేషన్ సోకిన జనాల్లో మొత్తం మీద 4,000 మరణాలు ఉండొచ్చని 2005లో ఐక్యరాజ్యసమితి సంస్థల బృందం అంచనా వేసింది. దీనికన్నా చాలా ఎక్కువని వాదించేవాళ్లూ ఉన్నారు.

ఫుకుషిమా కథ వేరు. భూకంపం రాగానే రియాక్టర్లు సక్రమంగా ఆగిపోయాయి. కానీ ఆగిన రియాక్టర్ వెంటనే చల్లబడదు. పొయ్యిలో మంట ఆరినా బూడిద కింద నిప్పు కణకణలాడినట్టు, లోపలి వ్యర్థ మూలకాలు వేడినిస్తూనే ఉంటాయి. ఆ వేడిని తీసే పంపులకు కరెంటిచ్చే డీజిల్ జనరేటర్లను సునామీ ముంచేసింది. మూడు రియాక్టర్లలో ఇంధనం కరిగింది. సునామీ, భూకంపం దాదాపు పద్దెనిమిది వేల మందిని బలి తీసుకున్నాయి. రేడియేషన్‌తో అప్పటికప్పుడు చనిపోయిన వాళ్లు లేరు. తర్వాత క్యాన్సర్‌తో పోయిన ఒక కార్మికుడి మరణాన్ని 2018లో జపాన్ ప్రభుత్వం దీని ఖాతాలో వేసింది. అయితే ఒక్క ఫుకుషిమా ప్రాంతంలోనే హడావిడిగా ఊళ్లు ఖాళీ చేయించడం వల్ల, ముసలివాళ్లను, రోగుల్ని చోట్లు మార్చడం వల్ల, ఆ తర్వాతి బెంగ వల్ల రెండు వేల మందికి పైగా చనిపోయారు. లక్షన్నర మందికి పైగా ఇళ్లు వదిలారు. అంటే రేడియేషన్ కన్నా దాని భయమూ, ఆ భయాన్ని సంబాళించలేని యంత్రాంగమూ ఎక్కువ మందిని చంపాయి.

మన దగ్గరా గండాలు తప్పిపోయిన సందర్భాలున్నాయి. 1993 మార్చి 31న ఉత్తరప్రదేశ్‌లోని నరోరాలో టర్బైన్ రెక్కలు విరిగి మంటలు లేచాయి. కేంద్రం మొత్తం గంటల తరబడి చీకట్లో మునిగింది. అగ్నిమాపక డీజిల్ పంపులతో నీళ్లు కొట్టి సిబ్బంది రియాక్టర్‌ను కాపాడుకున్నారు. 2004 డిసెంబరు సునామీ కల్పాక్కం పంపుహౌస్‌లోకి నీళ్లు తెచ్చింది. రియాక్టర్‌ను సురక్షితంగా ఆపగలిగారు. తూర్పు తీరంలో కొత్త కేంద్రం అనుకునేటప్పుడు ఈ రెండూ మరిచిపోకూడని పాఠాలు.

ఇక మొత్తం లెక్క. వంద కోట్ల యూనిట్ల కరెంటు తీస్తే ప్రమాదాలు, గాలి కాలుష్యం కలిపి ఎన్ని ప్రాణాలు పోతాయన్న అంచనాను అవర్ వరల్డ్ ఇన్ డేటా సంస్థ సంకలనం చేసింది. బొగ్గుకు సుమారు 25, సహజవాయువుకు 3, జలవిద్యుత్తుకు 1.3, అణు విద్యుత్తుకు 0.03, సౌర విద్యుత్తుకు 0.02. చెర్నోబిల్, ఫుకుషిమా ఇందులో కలిసే ఉన్నాయి. బొగ్గు పొగతో పోయే ప్రాణాలు ఒకే రోజు ఒకే చోట పోవు కాబట్టి పతాక శీర్షికలకెక్కవు. ప్రాణభద్రత ఒక్కదాన్నే కొలబద్దగా పెట్టుకుంటే బొగ్గును సమర్థించి అణు విద్యుత్తును వ్యతిరేకించడానికి ఆధారం దొరకదు.

వ్యర్థాలు: పరిమాణం చిన్నది, గడువు పెద్దది

వాడేసిన ఇంధనం బూడిదలా కొండలు కాదు. ప్రపంచంలో ఇప్పటిదాకా రియాక్టర్ల నుంచి బయటికి తీసినది దాదాపు నాలుగు లక్షల టన్నులు. మన దేశంలో ఒక్క పెద్ద థర్మల్ కేంద్రం కొద్ది నెలల్లోనే అంతకు మించి బూడిద పోస్తుంది. చిక్కు పరిమాణంతో కాదు, కాలంతో. సీజియం-137 సగానికి తగ్గడానికి 30 ఏళ్లు, ప్లుటోనియం-239కి 24 వేల ఏళ్లు. ఏ రాజ్యమూ, ఏ కంపెనీ అంతకాలం బతికిన దాఖలా లేదు.

ఫిన్లాండ్ ఈ ముడిని విప్పడానికి దగ్గరగా వచ్చింది. ఓల్కిలువోటో దగ్గర నాలుగు వందల మీటర్ల లోతున పాత రాతిలో ఆంకలో అనే శాశ్వత నిక్షేపాగారం కట్టింది. అమెరికా 1987లో యక్కా పర్వతాన్ని ఎంచుకుని, రాజకీయ వ్యతిరేకతతో పక్కన పెట్టి, ఇవాళ్టికీ 90 వేల టన్నుల్ని కేంద్రాల ఆవరణల్లోనే దాచుకుంటోంది. మన పద్ధతి వేరు. వాడిన ఇంధనం మనకు చెత్త కాదు, తర్వాతి దశకు ముడిసరుకు. 1964 నుంచి ట్రాంబేలో, తర్వాత తారాపూర్‌లో, కల్పాక్కంలో దాన్ని శుద్ధి చేసి ప్లుటోనియం తీస్తున్నాం. మిగిలిన తీవ్ర వ్యర్థాన్ని గాజులో బిగిస్తున్నాం. దీనివల్ల వ్యర్థం తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. ఆఖరికి దాన్ని ఏ రాతి కింద పెట్టాలన్న ప్రశ్న మన దగ్గర ఇంకా తెరిచే ఉంది. కేంద్రాలను చివరికి కూల్చి శుభ్రం చేయడానికి అణు విద్యుత్ సంస్థ యూనిట్‌కు రెండు పైసల చొప్పున పక్కన పెడుతూ వచ్చింది. ఆ రెండు పైసలు రేపటి ఖర్చుకు సరిపోతాయా అన్నది అడగాల్సిన మాట.

అసలు బలహీనత: డబ్బు, కాలం

జనం రేడియేషన్ గురించి వాదించుకుంటుంటే అణు విద్యుత్తును ప్రపంచమంతటా దెబ్బతీసింది ఖర్చు.

అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో వోగ్టిల్ కేంద్రానికి రెండు ఏపీ-1000 రియాక్టర్లు కట్టారు. ఖర్చు 1,400 కోట్ల డాలర్ల అంచనాతో మొదలై 3,000 కోట్ల డాలర్లు దాటింది. ఏడేళ్లు ఆలస్యంగా 2023, 2024లో పూర్తయ్యాయి. మెగావాట్‌కు వంద కోట్ల రూపాయలకు మించిన ఖర్చు అది. పక్కనే దక్షిణ కరోలినాలో అలాంటివే రెండు రియాక్టర్లను 900 కోట్ల డాలర్లు పోశాక 2017లో వదిలేశారు. తయారీ సంస్థ వెస్టింగ్‌హౌస్ ఆ ఏడాదే దివాలా అర్జీ పెట్టింది. కొవ్వాడకు అనుకుంటున్నది ఈ సంస్థ తయారీ ఏపీ-1000నే. అంతకు ముందు కొవ్వాడకు అనుకున్న జీఈ రియాక్టర్ల సంగతి 2015లోనే కొలిక్కి రాకుండా పోయింది. యూరప్‌లోనూ అదే తీరు. ఫిన్లాండ్ మూడో ఓల్కిలువోటో రియాక్టర్ 2005లో మొదలై 2009లో పూర్తి కావాల్సింది, 2023లో అయింది. ఫ్రాన్స్‌లో ఫ్లమాన్విల్ 330 కోట్ల యూరోల అంచనా నుంచి 1,300 కోట్లు దాటి 2024 చివర్లో గ్రిడ్‌కెక్కింది.

స్వదేశీ రియాక్టర్ల ఖర్చు ఇంతకన్నా చాలా నయం. 2017లో కేంద్ర మంత్రివర్గం ఒకే నమూనాలో పది 700 మెగావాట్ల రియాక్టర్లకు ఆమోదం తెలిపింది. అంచనా లక్షా ఐదు వేల కోట్ల రూపాయలు, అంటే మెగావాట్‌కు 15 కోట్లు. కానీ ఆలస్యం మన దగ్గరా ఉంది. కాక్రపార్ మూడో యూనిట్ పునాది పోసింది 2010లో, వాణిజ్య ఉత్పత్తి 2023లో. కూడంకుళం ఒప్పందం 1988లో సోవియట్ యూనియన్‌తో జరిగితే తొలి యూనిట్ 2014 చివర్లో వాణిజ్య ఉత్పత్తిలోకి వచ్చింది. కల్పాక్కంలోని 500 మెగావాట్ల ఫాస్ట్ బ్రీడర్ (వాడిన దానికన్నా ఎక్కువ ఇంధనం పుట్టించే రియాక్టర్) 2004లో మొదలై 2010లో పూర్తి కావాల్సింది. రియాక్టర్ గర్భం (కోర్) నింపే పనే 2024 మార్చిలో మొదలైంది. ఈలోగా దాని ఖర్చు రెట్టింపు దాటింది. రియాక్టర్ కట్టడంలో ఖర్చంతా ముందే పెట్టాలి, రాబడి పదేళ్ల తర్వాత వస్తుంది. ప్రతి ఏడాది ఆలస్యం వడ్డీగా మారి చివరికి కరెంటు బిల్లులో తేలుతుంది.

లక్ష్యాల చరిత్ర కూడా ఒకసారి చదువుకోవాలి. 2000 నాటికి పదివేల మెగావాట్లని 1980లలో చెప్పారు. ఆ ఏడాదికి మూడు వేలు కూడా దాటలేదు. 2020 నాటికి ఇరవై వేలన్నారు. దక్కినవి 6,780. ఇప్పుడు లక్ష అంటున్నారు. నమ్మాలంటే పాత అంచనాలు ఎందుకు తప్పాయో ముందు చెప్పాలి.

చైనా, దక్షిణ కొరియా ఐదు నుంచి ఎనిమిదేళ్లలో రియాక్టర్లు కట్టి చూపించాయి. కిటుకు పెద్దదేం కాదు. ఒకే నమూనాను మళ్లీ మళ్లీ కట్టడం, పనివాళ్లను చెదరగొట్టకుండా ఒక చోట నుంచి మరో చోటికి తీసుకెళ్లడం. మన 700 మెగావాట్ల వరుసకు ఈ అవకాశం ఉంది. హైదరాబాదు ఇంధన సముదాయం, ఈసీఐఎల్ లాంటి సంస్థలకు దశాబ్దాల అనుభవం ఉంది. విదేశీ రియాక్టర్లను ఒక్కో చోట ఒక్కో రకం తెచ్చుకుంటే ఈ బలం చెల్లాచెదరవుతుంది.

గని దగ్గర, తీరం దగ్గర

అణు విద్యుత్తు లాభం దేశమంతా పంచుకుంటుంది. భారం మాత్రం కొన్ని ఊళ్ల మీదే పడుతుంది. అసలు చర్చ జరగాల్సింది ఇక్కడ.

తుమ్మలపల్లె గనిలో ఖనిజం నాసిరకం. టన్ను రాయిలో యురేనియం అర కిలో కూడా ఉండదు. మిగతాదంతా రసాయనాలు కలిసిన బురదగా వ్యర్థాల చెరువుకు చేరుతుంది. 2007లో శంకుస్థాపన జరిగిన ఈ ప్రాజెక్టు చుట్టూ కొట్టాల, మబ్బుచింతలపల్లె, కనంపల్లె గ్రామాల రైతులు బోరు నీళ్లు చెడ్డాయని, అరటి తోటలు ఎండాయని, ఒళ్లు దురదలు పెడుతోందని ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నారు. చెరువు అడుగున నీరు ఇంకకుండా వేసిన పొర సరిగా లేదన్నది వాళ్ల ప్రధాన ఆరోపణ. సంస్థ కాదంటోంది. పరిశీలనకు కమిటీలు వచ్చాయి, పోయాయి. ఇక్కడ లోటు సాంకేతికతది కన్నా నమ్మకానిది. కొలిచే వాడూ, కొలతలో తప్పు తేలితే నష్టపోయే వాడూ ఒకరే అయినప్పుడు ఏ అంకె చెప్పినా ఊరు నమ్మదు.

నల్లమలలో ఇంకో పాఠం. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో యురేనియం కోసం అన్వేషణ ప్రతిపాదన వచ్చినప్పుడు చెంచులు, పర్యావరణవాదులు, సినిమా నటులు, విద్యార్థులు ఒక్కటయ్యారు. 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ దీనికి వ్యతిరేకంగా ఏకగ్రీవ తీర్మానం చేసింది. అంతకు ముందు 2003లో నాగార్జునసాగర్ దగ్గర లంబాపూర్–పెద్దగట్టు గనికి కూడా ప్రజాభిప్రాయ సేకరణలో గట్టి వ్యతిరేకత ఎదురైంది. హైదరాబాదు తాగే కృష్ణా నీళ్లు ఆ పక్కనుంచే వస్తాయి.

కొవ్వాడలో సమస్య చేపల వేట. రియాక్టర్‌ను చల్లబరచడానికి సముద్రపు నీటిని లాగి వెచ్చగా తిరిగి వదులుతారు. భద్రతా కారణాలతో తీరంలో కొంత మేర వేట నిషేధిస్తారు. మత్స్యకారుడికి పట్టా భూమి ఉండదు కాబట్టి భూసేకరణ పరిహారంలో అతని జీవనాధారానికి విలువ కట్టే గడి ఉండదు. ఈ అన్యాయం అణు విద్యుత్తుకే ప్రత్యేకం కాదని కూడా చెప్పుకోవాలి. అదే శ్రీకాకుళం జిల్లాలో 2010 జులైలో సోంపేటలో, 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లిలో బొగ్గు కేంద్రాల కోసం తంపర (చిత్తడి) భూముల్ని తీసుకోబోతే జనం తిరగబడ్డారు, పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయారు. ఇంధనం మారినంత మాత్రాన భూసేకరణ తీరు మారదు.

ఇంధనం, థోరియం, బాంబు

మన సొంత యురేనియం చాలదు. 2007–08 నాటికి ఇంధనం కొరతతో రియాక్టర్లు సగం సామర్థ్యంతో నడిచిన రోజులున్నాయి. 2008లో అణు సరఫరాదారుల బృందం మినహాయింపు ఇచ్చాక రష్యా, కజకిస్థాన్, కెనడా వంటి దేశాల నుంచి దిగుమతి సాధ్యమైంది. అయితే ఏళ్లకు సరిపడా యురేనియం ఒక గోదాములో పట్టేస్తుంది. దిగుమతి చేసుకునే చమురుతో, వాయువుతో పోలిస్తే ఇది చిన్న బలహీనతే.

దీర్ఘకాలిక పరిష్కారంగా 1950లలో హోమీ భాభా మూడంచెల పథకం గీశారు. మొదట సహజ యురేనియం, తర్వాత ప్లుటోనియంతో బ్రీడర్లు, చివరికి థోరియం. థోరియం ఇచ్చే మోనజైట్ ఇసుక నిల్వలు దేశంలో అన్నిటికన్నా ఎక్కువ ఉన్నది ఆంధ్ర తీరంలోనే. పథకం గొప్పది. కానీ డెబ్బై ఏళ్ల తర్వాత మనం రెండో అంచె గడప దగ్గరే ఉన్నాం. థోరియాన్ని చూపించి ఇవాళ్టి కరెంటు సమస్యకు జవాబు చెప్పడం న్యాయం కాదు.

బాంబు సంగతి దాటవేయలేం. 1974 పోఖ్రాన్ పరీక్షకు వాడిన ప్లుటోనియం కెనడా సాయంతో కట్టిన పరిశోధన రియాక్టర్ నుంచి వచ్చింది. దాంతో కెనడా రాజస్థాన్ కేంద్రానికి సాయం ఆపేసింది, మన కార్యక్రమం దశాబ్దాలు ఒంటరిదైంది. యుద్ధకాలంలో కేంద్రమే గురి కావచ్చన్నది కొత్త భయం. 2022 మార్చి నుంచి ఉక్రెయిన్‌లోని జపోరిజియా కేంద్రం రష్యా సైన్యం చేతిలో ఉంది.

సౌరశక్తి వచ్చాక మారిన లెక్క

పదిహేనేళ్ల కింద అణు విద్యుత్తుకు పోటీ బొగ్గే. ఇప్పుడు పోటీ సూర్యుడు. కొత్త సౌర కేంద్రాల కరెంటు రెండున్నర రూపాయల దరిదాపుల్లో వస్తోంది. రెండేళ్లలోపు కట్టేయవచ్చు. కానీ సౌర కేంద్రం ఏడాదిలో నాలుగో వంతు సామర్థ్యాన్ని కూడా ఇవ్వదు. సాయంత్రం ఆరు దాటాక, ఇళ్లలో ఏసీలు మోగే వేళకు సున్నా. నిల్వ వ్యవస్థలు ఈ ఖాళీని పూడుస్తున్నాయి. నంద్యాల జిల్లా పిన్నాపురం లాంటి పంప్డ్ స్టోరేజ్ ప్రాజెక్టులు, బ్యాటరీలు కలిపితే రాత్రి కొన్ని గంటలు నెట్టుకురావచ్చు. వారాల పాటు మబ్బు పట్టే వానాకాలానికి మాత్రం ఇప్పటి నిల్వ చాలదు.

మనకు ఇక్కడ ఒక అనుకూలత ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ మోటార్లకు ఇచ్చే తొమ్మిది గంటల ఉచిత కరెంటును పగటి పూటకు మళ్లించారు. సౌర విద్యుత్తుకు ఇంతకన్నా మంచి గిరాకీ ఉండదు. రాత్రి భారం ఆ మేరకు తగ్గింది. అయినా ఉక్కు, సిమెంటు, ఫార్మా, డేటా సెంటర్ల నిరంతర గిరాకీ పెరుగుతోంది. దీనికి బొగ్గు వద్దనుకుంటే అణు విద్యుత్తుకు చోటు ఉంటుంది. ఆ చోటు ఎంత అన్నది ధర తేల్చాలి. మరో మెలిక కూడా ఉంది. మన రియాక్టర్లను ఎప్పుడూ నిండు సామర్థ్యంతో నడుపుతారు. మిట్ట మధ్యాహ్నం సౌర విద్యుత్తు పొంగిపొర్లుతున్నప్పుడు అవి తగ్గలేకపోతే ఒకరి కరెంటు వృథా అవుతుంది.

చిన్న రియాక్టర్ల గురించి చాలా ఆశలున్నాయి. 2025 బడ్జెట్ వీటి పరిశోధనకు 20 వేల కోట్లు ప్రకటించింది, 2033 నాటికి ఐదింటిని నడపాలన్నది లక్ష్యం. ఫ్యాక్టరీలో తయారు చేసి తెచ్చి బిగించడం, పాత బొగ్గు కేంద్రాల స్థలాల్లోనే పెట్టడం ఆకర్షణీయమైన ఆలోచనలు. కానీ చిన్నవి కావడం వల్ల పోయే పొదుపును సంఖ్యతో తిరిగి సంపాదించాలి. ఆ సంఖ్యలో ఎవరూ ఇంకా కట్టలేదు.

తూకం ఎటు మొగ్గుతుంది?

ఇవన్నీ కలిపి చూస్తే మూడు మాటలు తేలతాయి.

మొదటిది, నడుస్తున్న రియాక్టర్లను భయంతో మూసేయడం తప్పు. జర్మనీ 2023 ఏప్రిల్‌లో ఆఖరి మూడింటిని మూసేసింది, బొగ్గు కేంద్రాలు ఇంకా నడుస్తుండగానే. కర్బనం లేని కరెంటును ముందు వదులుకుని, పొగను తర్వాతికి ఉంచుకున్న వరుస అది.

రెండోది, కొత్తవి కట్టేటప్పుడు స్వదేశీ 700 మెగావాట్ల వరుసకే ప్రాధాన్యం ఇవ్వాలి. కొవ్వాడ లాంటి విదేశీ రియాక్టర్ల ప్రాజెక్టులకు యూనిట్ ధర ఎంతో, అది ఎవరు కట్టాలో రాతపూర్వకంగా ప్రజల ముందు పెట్టాకే ఊళ్లు ఖాళీ చేయించే మాట ఎత్తాలి. ఇప్పుడు జరుగుతున్నది తలకిందులు. భూసేకరణ ముందు, ధర తర్వాత. రాష్ట్ర డిస్కంలు దశాబ్దాల పాటు కట్టుబడే కొనుగోలు ఒప్పందం చేసుకునే ముందు, సౌర విద్యుత్తు, నిల్వ కలిపిన ధరతో దాన్ని పోల్చి చూపాలి.

మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, జవాబుదారీతనం. అణు శక్తి నియంత్రణ మండలి 1983లో ఏర్పడింది, కానీ తాను నియంత్రించాల్సిన విభాగం నీడలోనే ఉండిపోయిందని కాగ్ 2012లో తప్పుపట్టింది. కొత్త శాంతి చట్టం దానికి చట్టబద్ధ హోదా ఇచ్చింది. హోదాతో పాటు ఎదురు చెప్పే స్వేచ్ఛ వస్తుందా అన్నదే పరీక్ష. పరిహారం విషయంలో చట్టం వెనక్కి వెళ్లింది. భోపాల్ గ్యాస్ దుర్ఘటన అనుభవంతో 2010 అణు బాధ్యత చట్టంలో పెట్టిన నిబంధన ప్రకారం నాసిరకం పరికరాలిచ్చిన సరఫరాదారు మీద నిర్వాహక సంస్థ దావా వేయగలిగేది. ఆ నిబంధన ఇప్పుడు లేదు. నిర్వాహక సంస్థ బాధ్యతకు గరిష్ఠ పరిమితి 3,000 కోట్లు. ఫుకుషిమాలో ఇప్పటికి చెల్లించిన పరిహారం మన రూపాయల్లో ఐదు లక్షల కోట్లకు పైమాటే. ఈ రెండు అంకెల మధ్య ఉన్న అగాధాన్ని ఎవరు పూడుస్తారు? ప్రమాదం జరిగే అవకాశం నిజంగానే అంత తక్కువైతే, తయారీదారు ఆ బాధ్యత తీసుకోవడానికి ఎందుకు వెనకాడాలి?

అణు విద్యుత్తు ప్రమాదకరమైన శక్తి కాబట్టి వద్దనడం అంకెలకు నిలబడదు. పరిశుభ్రమైన శక్తి కాబట్టి ఎక్కడైనా ఎంతకైనా సరే అనడమూ నిలబడదు. ఇది ఖరీదైన, నిదానమైన, ఉపయోగకరమైన శక్తి. దాని లాభం వంద కోట్ల మందికి పలచగా పంచబడి, భారం కొన్ని వేల మంది మీద చిక్కగా పేరుకుంటుంది. కాబట్టి కొత్త కేంద్రం అనుమతికి ముందు రెండు షరతులు పెట్టుకోవడం కనీస న్యాయం. నీళ్లనూ గాలినీ కొలిచే పని ఊరు ఎంచుకున్న స్వతంత్ర ప్రయోగశాలకు అప్పగించి, ఫలితాల్ని నెలనెలా తెలుగులో పంచాయతీ బోర్డు మీద పెట్టాలి. పట్టా ఉన్నా లేకపోయినా జీవనాధారం పోయే ప్రతి కుటుంబానికీ కేంద్రం నడిచినన్నాళ్లూ యూనిట్ల అమ్మకంలో వాటా ఇవ్వాలి. పరిశుభ్ర శక్తి, సాంకేతికత, దేశప్రతిష్ఠ గురించి ఎన్ని ఉపన్యాసాలైనా ఇవ్వొచ్చు. ఈ రెండు షరతులకు ఒప్పుకోలేని ప్రాజెక్టు తన ఖర్చును ఇంకా దాచుకుంటున్నట్టే లెక్క.